ఫొటో తీశాక ఎవరికిచ్చారు?

పాఠకుల ప్రశ్నలు, ఒక ఫొటోగ్రాఫర్ జవాబులు

1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని అందరి ముందు వివరించారు. అందుకే ఆ రోజు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఈ నెల శీర్షికకి ఫొటోగ్రఫీ మీద ప్రశ్నలు పంపమని అడిగాం. నారాయణగూడలో తండ్రి స్టూడియోలో పని నేర్చుకుని, ఒక తెలుగు దినపత్రికలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు పెళ్లిళ్లూ, సికింద్రాబాద్ మోండా మార్కెట్ మనుషుల చిత్రాలూ తీస్తున్న సీనియర్ ఫొటోగ్రాఫర్ వాటికి జవాబులు రాశారు.

ప్ర: మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు మేడమ్? ఆ రోజుల్లో ఆడపిల్ల కెమెరా పట్టుకుంటే ఇంట్లో ఏమన్నారు?
– డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

జ: ఇంట్లో అభ్యంతరం రాలేదమ్మా. మా ఇల్లూ స్టూడియో ఒకటే కాబట్టి పని చెయ్యకపోతేనే అనేవాళ్లు. ముందు గదిలో రంగుల పరదా, రెండు పెద్ద లైట్లు, వచ్చినవాళ్లు తల దువ్వుకోవడానికి ఒక అద్దం, పౌడర్ డబ్బా. వెనక రెండు గదుల్లో మేం. కిటికీకి నల్లగుడ్డ కొట్టిన చిన్న గది డార్క్ రూమ్, అంటే ఫిల్మ్ కడిగే చీకటి గది.

కెమెరా నా చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది. నాన్న ముందు ఇచ్చింది పెన్సిల్. నెగెటివ్ (తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపించే ఫిల్మ్) మీద రీటచింగ్, అంటే మెరుగులు దిద్దడానికి. పెన్సిల్ ములుకుని గరుకు కాగితం మీద బాగా సన్నగా అరగదీసి, కింద నుంచి వెలుతురు వచ్చే ఏటవాలు గాజుబల్ల మీద నెగెటివ్ పెట్టి, కళ్ల కింద నలుపునీ మచ్చల్నీ చిన్న చిన్న చుక్కలతో నింపాలి. నెగెటివ్‌లో చుక్క పెట్టిన చోటు ప్రింట్‌లో తెల్లగా వస్తుంది. మాకు వచ్చే పనిలో పెళ్లిచూపులకి పంపే ఫొటోలే ఎక్కువ. "కాస్త తెల్లగా చెయ్యండి" అని అడగని తల్లి ఉండేది కాదు. నాన్న నాకొక నియమం చెప్పారు: వారంలో పోయేదాన్ని తీసెయ్యి, జన్మంతా ఉండేదాన్ని ముట్టుకోకు. మొటిమ తీసెయ్యొచ్చు, పుట్టుమచ్చ ఉండాలి. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నా నాది అదే నియమం. మొహాల్ని అంత దగ్గరగా, అంతసేపు చూసే పని చిన్న వయసులోనే దొరకడం నా అదృష్టం. మనిషికి రెండు కళ్లూ ఒకేలా ఉండవని, నవ్వు పెదాల కంటే ముందు బుగ్గ మీద మొదలవుతుందని నాకు ఆ గాజుబల్ల దగ్గరే తెలిసింది.

ఎండాకాలం మాత్రం కష్టంగా ఉండేది. ఫిల్మ్ కడిగే మందు, డెవలపర్, 20 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. మే నెలలో మన కుళాయి నీళ్లే 30 దాటి ఉంటాయి. వేడి ఎక్కువైతే ఫిల్మ్ మీది పూత మెత్తబడి పోతుంది. ఐసు నేరుగా మందులో వేస్తే మందు పల్చబడుతుంది కాబట్టి, పెద్ద ట్రేలో ఐసునీళ్లు పోసి అందులో మందు సీసా నిలబెట్టేవాళ్లం. ఐసు తేవడం నా పని, తమ్ముడి పని.

ఆడపిల్ల సంగతికొస్తే, హైదరాబాద్‌కి ఇదేం కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్, 1892లో ఇక్కడ ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో పెట్టారు. దాన్ని నడిపింది మిసెస్ కెనీ-లెవిక్ అనే మహిళ. పరదా పాటించే ఇళ్ల స్త్రీలు నిశ్చింతగా వచ్చి ఫొటో తీయించుకోవాలన్నది ఆయన ఆలోచన. మా నాన్న స్టూడియోలోనూ అదే జరిగింది. ఓల్డ్ సిటీ నుంచి వచ్చే అమ్మలు "బిడ్డనే తియ్యమనండి" అని లోపలికి కబురు పెట్టేవాళ్లు. నేను కెమెరా వెనక నిలబడటం అలా మొదలైంది. ఇంకొక విషయం కూడా గుర్తుపెట్టుకో తల్లీ. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా తీసిన మొదటి ఫొటోలు ఆమె భర్త పేరుతో అచ్చయ్యాయి. 2011లో ఆమెకి పద్మవిభూషణ్ ఇచ్చారు. నీ ఫొటో కింద నీ పేరు ఉండాలని మొదటి రోజు నుంచే అడుగు.

ప్ర: పెళ్లిళ్లు తీసీ తీసీ అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. ముహూర్తం టైమ్‌లో వీడియోవాళ్లు, బంధువులు అడ్డం వస్తే టెన్షన్. మీరు ఎలా పని చేస్తారు? ఉత్సాహం ఎలా నిలుపుకుంటారు?
– పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, దిల్‌సుఖ్‌నగర్

జ: నా పని ముందురోజే మొదలవుతుంది తమ్ముడూ. పెళ్లికూతురి అమ్మగారినో పిన్నిగారినో కూర్చోబెట్టి ఒక కాగితం రాసుకుంటాను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు ఎవరు, వాళ్లు ఎంతసేపు కూర్చోగలరు, మేనమామ ఎవరు, అమెరికా నుంచి ఎవరు దిగుతున్నారు, ఎవరికీ ఎవరికీ మాటల్లేవు. ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకు. మాటల్లేని అన్నదమ్ములని "దగ్గరగా జరగండి సార్" అని మైకులో అరిస్తే ఆ గ్రూప్ ఫొటోలో ఎవరి మొహమూ బాగుండదు. అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యల ఫొటోలు మొట్టమొదట తీసేస్తాను. రాత్రి ముహూర్తమైతే వాళ్లు మధ్యలో అలసిపోతారు, కొందరు ఇంటికి వెళ్లిపోతారు. తర్వాత ఆ ఇంట్లో అందరికంటే విలువైన ఫొటో అదే అవుతుంది.

జీలకర్ర బెల్లం ఒక్కసారే. గట్టిమేళం మోగుతుంది, అడ్డుతెర దిగుతుంది, హాలంతా లేచి నిలబడుతుంది, అక్షింతలు వచ్చి లెన్స్ మీద పడతాయి. ఆ నిమిషంలో చోటు కోసం పోట్లాడి లాభం లేదు. ముందే పంతులుగారి దగ్గరికెళ్లి తెర ఏ వైపు తీస్తారు, నేను ఎక్కడుంటే మీకు ఇబ్బంది ఉండదు అని అడుగుతాను. మర్యాదగా అడిగితే వాళ్లు చేసేంత సాయం ఇంకెవరూ చెయ్యరు. వీడియో తీసేవాళ్లతోనూ ఒప్పందం చేసుకుంటాను: తెర దిగేటప్పుడు నేను కింద కూర్చుంటాను, మీరు నా తల మీదుగా తియ్యండి, తాళి కట్టేటప్పుడు మీరు ముందు, నేను పక్కన.

ఇంకో పెద్ద సమస్య లైట్లు. ఫంక్షన్ హాళ్లలో ఊదారంగు ఎల్ఈడీలు మొహాల మీద పడితే పసుపూ కుంకుమా రంగు చచ్చిపోతాయి. తర్వాత కంప్యూటర్‌లో ఎంత తిప్పినా ఆ పసుపు తిరిగి రాదు. హాలు మేనేజర్‌ని బతిమాలి ముహూర్తం సమయానికి వేదిక మీదవైనా ఆపిస్తాను. ఇందుకోసం మొండిగా ఉండాలి, ఉంటాను.

అన్నీ ఒకేలా ఉన్నాయన్నావు. తంతు ఒకటే, మనుషులు వేరు. అప్పగింతలప్పుడు కెమెరాలన్నీ పెళ్లికూతురి కన్నీళ్ల మీద ఉంటాయి. అప్పుడు ఆమె తమ్ముడు సూట్‌కేసులు కారులో సర్దుతుంటాడు, ఎవరికీ కనిపించకుండా రెండుసార్లు డిక్కీ తెరిచి మూస్తాడు. అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు పెళ్లికూతురి తండ్రి మొహం చూడు, అలవాటు లేని పంచెను ఒక చేత్తో పట్టుకుని నీళ్లు పోస్తున్న చేతిని చూడు. వాళ్లు ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు ఈ ఫొటోలు ఎంచుకోరు. కొన్నేళ్లయ్యాక ఫోన్ చేసి "ఆ రోజు నాన్నది ఏదైనా ఉందా మేడమ్" అని అడుగుతారు. ఉంది అని చెప్పగలగడం కోసమే నేను ఇంకా పెళ్లిళ్లకి వెళ్తున్నాను.

ప్ర: నలభై దాటాయి. ఐటీ ఉద్యోగం. ఇప్పుడు మొదలుపెడితే ఏ కెమెరా కొనాలి?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జ: కోఠీలో తెలిసినవాళ్ల షాపు నుంచి మంచి సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ (లెన్స్ లేని కెమెరా), ఒక 50 ఎంఎం లెన్స్ కొనుక్కోండి, చాలు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో, అంటే దానితో ఎన్ని ఫొటోలు తీశారో అడగండి. లెన్స్ వెనక ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి, సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్ (బూజు) పట్టిందని అర్థం, వదిలెయ్యండి. మన వానాకాలంలో బీరువాలో పెట్టిన లెన్స్‌లకి అది తేలిగ్గా వస్తుంది, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బా వాడండి.

డబ్బు మిగిలితే ప్రింట్ల మీద పెట్టండి. సమయం దొరికితే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లండి. చార్మినార్ నాలుగు కమాన్లు నాలుగు దిక్కులకి ఉంటాయి, లాడ్ బజార్ దానికి పడమర. సాయంత్రం బజార్‌లోంచి చార్మినార్ వైపు నడిస్తే ఎండ మీ వీపు మీద నుంచి వెళ్లి కట్టడం మీద పడుతుంది. వెనక్కి తిరిగి నడిస్తే అదే ఎండ ఎదురొచ్చి గాజుల దుకాణాల ముందున్న మనుషుల అంచులన్నీ వెలిగిస్తుంది. ఒకే వీధి, రెండు ఫొటోలు. ఇది ఏ కెమెరా నేర్పదు.

ప్ర: బజార్లో మనుషులని అడగకుండా ఫొటో తియ్యడం తప్పు కాదా? మీరెందుకు ఎప్పుడూ ఒకే మార్కెట్‌కి వెళ్తారు?
– రిటైర్డ్ ఉపాధ్యాయురాలు, అల్వాల్

జ: మీ ప్రశ్న నాకు ఎంతో ముఖ్యం అమ్మా, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

పత్రికలో ఉన్నప్పుడు అడిగే తీరిక ఉండేది కాదు. బోనాలకి గోల్కొండ, తర్వాత ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్ దర్వాజ. మొహర్రంకి దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వరకు బీబీకా అలం ఊరేగింపు వెంట నడక. వినాయక నిమజ్జనానికి ట్యాంక్ బండ్. తియ్యడం, పరుగెత్తుకుంటూ ఆఫీసుకి రావడం, ఫిల్మ్ కడగడం, క్యాప్షన్ రాయడం. పండగలో వేల మంది అందరికీ కనిపించాలనే బయటికొస్తారు, అక్కడ అడగకుండా తియ్యొచ్చని ఇప్పటికీ అంటాను. ఒంటరిగా తన పనిలో ఉన్న మనిషి సంగతి వేరు. ఏడుస్తున్నవాళ్లు, ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్లు, అన్నం తింటున్నవాళ్లు, పిల్లలు; వీళ్ల విషయంలో ఒప్పుకోలు లేకుండా కెమెరా పైకెత్తను.

మోండా మార్కెట్‌కి ఉద్యోగం మానేశాక వెళ్లడం మొదలుపెట్టాను. తెల్లవారకముందే కూరగాయల బస్తాలు దిగుతాయి. హమాలీలు, ఆకుకూరలమ్మే అమ్మలు, తక్కెడలు బాగుచేసే ముసలాయన, టీ కొట్టు కుర్రాడు. మొదట్లో "ఏ పేపరమ్మా?" అనేవాళ్లు. ఏ పేపరూ కాదు, ఫొటో మీకే ఇస్తానని చెప్పి, తర్వాతి సారి వెళ్లినప్పుడు పోస్ట్‌కార్డు సైజు ప్రింట్ చేతిలో పెట్టేదాన్ని. ఆ ప్రింట్లే నాకు తలుపులు తెరిచాయి.

ప్రింట్లు ఇవ్వడం మొదలుపెట్టాక వాళ్లే నాకు పాఠాలు చెప్పారు. కరివేపాకు అమ్మే ఒకామెకి సగం మొహం వెలుగులో, సగం చీకట్లో ఉన్న నలుపు తెలుపు ఫొటో ఇచ్చాను. నాకు చాలా నచ్చిన ఫొటో. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతా మొహమేదమ్మా?" అంది. పక్కనున్న హమాలీ తన ఫొటో చూసి కాళ్లు ఎందుకు కోసేశావని అడిగాడు. "ఈ కాళ్ల మీదే కదా మూటలన్నీ మోసింది" అన్నాడు. వాళ్లు కోరేది పూర్తి మనిషిని. చెప్పుల దాకా, పక్కన తక్కెడతో, వెనక తన దుకాణంతో. నాన్న స్టూడియోలో జనం కోరిందీ అదే: నిలువెత్తు ఫొటో, చెయ్యి కుర్చీ మీద. ఇప్పుడు ప్రతి మనిషికీ రెండు తీస్తాను, ఒకటి నా కంటికి, ఒకటి వాళ్ల మాట ప్రకారం. ప్రదర్శన కోసం ఏరుతున్నప్పుడు రెండో రకమే ఎక్కువగా ముందుకొస్తోంది. ఆ ఫొటోల్లో మనిషి నా వైపు సమానంగా చూస్తాడు. అందుకే ఎవరైనా యువ ఫొటోగ్రాఫర్ తన ఫొటోలు చూపిస్తే లెన్స్ గురించి అడగను. ఇది తీశాక ఎవరికిచ్చావు అని అడుగుతాను.

ఒకే మార్కెట్ ఎందుకంటే, రెండోసారి వెళ్లినప్పుడు పలకరిస్తారు, పదోసారికి నా చేతిలో కెమెరా ఉందన్నది మరిచిపోతారు. మరిచిపోయాక వచ్చే ఫొటో వేరు. వరంగల్ గుడిమల్ల భరత్ భూషణ్ గారు తెలంగాణ పల్లెల్నీ బతుకమ్మనీ ఏళ్ల తరబడి తీశారు. ఆ చిత్రాల్లో ఆడవాళ్లు కెమెరాకి సర్దుకుని నిలబడినట్టు ఉండరు, ఇంటి మనిషి ముందు ఉన్నట్టు ఉంటారు. ఊరికి ఎన్నిసార్లు వెళ్తే అలా ఉంటారో ఆలోచించండి.

ప్ర: మా నాన్నగారు నా పెళ్లికి ఆరు నెలల ముందు పోయారు. ఏఐతో ఆయనని పెళ్లి ఫొటోలో కలపొచ్చంటున్నారు. కలిపించుకోనా?
– పాఠకురాలు, మల్కాజిగిరి

జ: మీ బాధ అర్థమైంది అమ్మా. ఇలా అడిగేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తున్నారు. మీ మనసుకి ఊరటనిస్తే వద్దనే హక్కు నాకు లేదు. కానీ నేను చెయ్యను, కారణం చెబుతాను. ఆ చిత్రంలో ఆయన ఎప్పుడూ వేసుకోని చొక్కా ఉంటుంది, ఎప్పుడూ నవ్వని నవ్వు ఉంటుంది. కొన్నాళ్లకి అసలు నవ్వు గుర్తు రావడం కష్టమవుతుంది. మీ పిల్లలు పెద్దయ్యాక తాతయ్య పెళ్లికొచ్చారనుకుంటారు. మీ నాన్నగారి పాత ఫొటో ఒకటి తీసుకుని బాగా స్కాన్ చేయించి పెద్దది చేయించండి. మీ పెళ్లి చీర కట్టుకుని, ఆ పటం ఒళ్లో పెట్టుకుని మీరూ మీ అమ్మగారూ కలిసి ఒక ఫొటో తీయించుకోండి. పెళ్లయిపోయినా పర్వాలేదు, ఇప్పుడైనా తీయించుకోవచ్చు. కావాలంటే నేనొచ్చి తీస్తాను, సంపాదకుల ద్వారా కబురు చెయ్యండి.

ప్ర: పెళ్లి ఫొటోల హక్కు ఎవరిది? నేను తీసిన ఫొటోని కస్టమర్ ఒక నగల షాపుకి ఇచ్చేశారు.
– ఫొటోగ్రాఫర్, ఖమ్మం

జ: 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. డబ్బు ఇచ్చి మీ చేత ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. చాలామంది ఫొటోగ్రాఫర్లకి ఇది తెలియదు. కాబట్టి అడ్వాన్స్ తీసుకునే రోజే ఒక పేజీ కాగితం రాసుకోవాలి: వ్యాపార ప్రకటనలకి వాడితే నన్ను అడగాలి, నా పేరు వెయ్యాలి, నేను నా పేజీలో పెట్టుకోవాలంటే మిమ్మల్ని అడుగుతాను. హక్కు వాళ్లదైనా, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు ఉంటుంది. పత్రిక ఉద్యోగులకి నియమం వేరు, నియామక పత్రం చదువుకోండి.

ప్ర: మా అబ్బాయి ఇంజినీరింగ్ వద్దు, ఫొటోగ్రఫీ చదువుతానంటున్నాడు. బతకగలడా?
– ఒక తండ్రి, కరీంనగర్

జ: బతకగలడు సార్, లెక్క తెలిస్తే. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) డిగ్రీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీతో పాటు కంపెనీల ప్రోడక్ట్ ఫొటోలు, ఆర్కిటెక్చర్, ఫుడ్, న్యూస్ అన్నీ తెలుస్తాయి. పెళ్లిళ్లనే నమ్ముకుంటే ఆషాఢం ఖాళీ, భాద్రపదం ఖాళీ, పుష్యం ఖాళీ, మూఢం వచ్చిందంటే నెలల తరబడి ఖాళీ. మాఘం, వైశాఖం, శ్రావణంలో వచ్చిన డబ్బు ఆ నెలలకి దాచాలి. ఈ ఒక్క అలవాటు లేక ఎంతో ప్రతిభ ఉన్నవాళ్లు కెమెరాలు అమ్ముకోవడం చూశాను. ముందు ఒక ఏడాది ఎవరైనా మంచి ఫొటోగ్రాఫర్ దగ్గర లైట్లు మొయ్యనివ్వండి. ఏటా మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుతుంది, ఇద్దరూ కలిసి రండి. గోడల మీద ఉన్నవాటి ముందు మీ అబ్బాయి ఎంతసేపు నిలబడతాడో మీరే చూడండి.

ప్ర: ఇంట్లో పాత ఆల్బమ్‌లో ఫొటోలు ప్లాస్టిక్‌కి అతుక్కుపోయాయి. పీకితే చిరుగుతున్నాయి. ఏం చెయ్యాలి?
– గృహిణి, వనస్థలిపురం

జ: ముందు పీకడం ఆపండి. ప్లాస్టిక్ మీదుగానే, కిటికీ పక్కన నీడలో పెట్టి, కెమెరాతో నిటారుగా పై నుంచి ఒక్కో పేజీ ఫొటో తియ్యండి. లైటు మెరుపు పడకుండా చూసుకోండి. ఇది మీ భద్రత. ఆ తర్వాతే విడదీసే ప్రయత్నం. జిగురు కాగితం ఉన్న ఆల్బమ్ అయితే పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని దారాన్ని (డెంటల్ ఫ్లాస్) ఫొటో కింద నుంచి మెల్లగా జరపొచ్చు. రాకపోతే వదిలెయ్యండి, నీళ్లు మాత్రం చల్లకండి.

విడివిడిగా ఉన్నవాటిని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించి, ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకొకటి ఊళ్లో ఉన్న అన్నయ్యగారింట్లోనో చెల్లెలింట్లోనో ఉంచండి. ఫొటో వెనక మెత్తని పెన్సిల్‌తో పేర్లు, ఊరు, ఏడాది రాయండి. బాల్‌పెన్ వాడితే అచ్చు ముందు వైపుకి పొడుచుకొస్తుంది. పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని పూర్తి చెయ్యండి, వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి. నెగెటివ్‌లు దొరికితే పారెయ్యకండి. వాటి నుంచి వెనిగర్ వాసన వస్తుంటే ఫిల్మ్ పాడవుతోందని అర్థం, వాటిని మిగతావాటి నుంచి వేరు చేసి ముందు అవే స్కాన్ చేయించండి.